ఎలిమినేటర్ 900: నా ఒహాయో రోజుల బండి

పాత జపాన్ బండ్ల గురించి మాట్లాడుకునేవాళ్లలో యమహా వి-మాక్స్ పేరు తెలియనివాళ్లు ఉండరు. హోండా మాగ్నా అంటే కూడా ముఖాలు విప్పారతాయి. కవాసాకి ఎలిమినేటర్ 900 అనగానే మాత్రం చాలామంది కాసేపు ఆలోచించి, "బజాజ్‌వాళ్లదా?" అంటారు. బజాజ్‌వాళ్ల ఎలిమినేటర్ సంగతీ చెబుతాను, అది మా ఇంట్లోనే ఉంది. కానీ ముందు అసలుది. 1985లో వచ్చి, 1986 తర్వాత షోరూముల్లోంచి మాయమైపోయిన బండి. అమెరికాలో నేను కొనుక్కున్న మొదటి మోటార్‌సైకిల్ అదే. దాని కాలంలో దానికి పోటీగా నిలబడ్డ బండ్లను తర్వాత ఒక్కొక్కటిగా చూశాను, కొన్ని నడిపాను. అన్నీ చూశాక కూడా నా మాట ఇదే: వాటన్నిటిలో ప్రతిరోజూ బయటికి తీసి నడపాలనిపించేది ఎలిమినేటరే. జనం దాన్ని ఎందుకు వదిలేశారో తెలిశాక ఆ బండి మీద నాకు ఇష్టం ఇంకా పెరిగింది.

నేను పెరిగింది విజయవాడలో. బాబాయికి ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉండేది. వేసవి సెలవులొస్తే నా మకాం అక్కడే. లారీ బాడీలు కట్టే చప్పుడు, వెల్డింగ్ వాసన, పాత టైర్ల గుట్టలు, వాటి మధ్య బాబాయి ముందు వరసగా నిలబెట్టిన బండ్లు. ఎజ్డీకి గేరు రాడ్డే కిక్ రాడ్డు కూడా అని, దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పాలని నాకు నేర్పింది ఆయనే. బుల్లెట్‌కి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి కాబట్టి ఎజ్డీ దిగి బుల్లెట్ ఎక్కేటప్పుడు కాళ్లకు ముందే చెప్పుకోవాలనేవాడు. రాజ్‌దూత్ 350 వస్తే మాత్రం ఆయన చేతులు కడుక్కుని మరీ దగ్గరికి వెళ్లేవాడు. ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో యమహా ఆర్‌డీ 350ని మన దేశంలో ఆ పేరుతో తయారుచేసింది. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్, ఆరు గేర్లు. పెట్రోలు బాగా తాగుతుందని అప్పట్లో కొనేవాళ్లే తక్కువ. ఆ వెంటనే నూరు సీసీ జపాన్ బండ్లు వచ్చి, మైలేజ్ అనే మాట ఊరంతా పాకింది. ఇప్పుడు అదే రాజ్‌దూత్ మంచి కండిషన్‌లో ఉంటే లక్షలు పోసి కొంటున్నారు.

"కొనేవాడు మైలేజ్ చూస్తాడు, మెకానిక్ ఇంజన్ చూస్తాడురా" అనేవాడు బాబాయి. జనం వదిలేసిన బండ్లను ఆయన ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. ఆ చూపే నాకూ వచ్చిందనుకుంటాను.

1998లో వైటూకే పని మీద, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే పని మీద, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కి వచ్చాను. మొదటి కొన్నేళ్లు ఆఫీసు, అపార్ట్‌మెంటు, ఇండియన్ స్టోరు, ఇంతే. చలికాలమంతా మంచు, రోడ్ల మీద ఉప్పు. ఏప్రిల్ వచ్చి ఎండ కాయగానే ఎక్కడెక్కడి గరాజుల్లోంచో మోటార్‌సైకిళ్లు బయటికొచ్చేవి. ఆ చప్పుడు వినపడితే ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేవాణ్ని. రాష్ట్ర ప్రభుత్వమే మోటార్‌సైకిల్ ఒహాయో పేరుతో శిక్షణ నడుపుతుంది. అందులో చేరి లైసెన్సు తెచ్చుకున్నాను. విజయవాడ బందరు రోడ్డు మీద బండి నడిపినవాడికి ఇక్కడ కొత్తగా నేర్చుకునేదేముంటుంది అనుకునేవాళ్లు వింటారేమో, ఆ శిక్షణ నిజంగా గొప్పది. మలుపులో బండి కన్నా ముందు కళ్లు తిరగాలని అక్కడే నాకు ఒంటబట్టింది.

పేపర్లో చిన్న ప్రకటన చూసి వెళితే, మేరీస్‌విల్ దాటాక ఒక మొక్కజొన్న పొలం పక్కన ఇల్లు. పెద్దాయన షెడ్డులో టార్పాలిన్ తీసి చూపించాడు. నల్లటి బండి. పొడుగ్గా, నేలకు దగ్గరగా, వెనక లావుపాటి చిన్న చక్రం, ముందు సన్నటి చక్రం. ట్యాంకు చిన్నది. నాలుగు సైలెన్సర్ పైపులు ఇంజన్ ముందు నుంచి కిందికి దిగుతున్నాయి. "ఇదే ఇంజన్ నింజాలో ఉంటే ఇంతకు రెట్టింపు అడిగేవాణ్ని. దీన్ని అడిగేవాళ్లే లేరు" అన్నాడాయన. చాలాకాలంగా కదలక నిలబడిపోయిన బండి. పెట్రోలు ట్యాంకులోనే జిగురులా మారింది. స్టార్ట్ అవ్వదని ముందే చెప్పేశాడు. స్నేహితుడి పికప్ ట్రక్కులో వేసుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ దాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఏవండీ, ఇది ముగ్గు పెట్టినంత పొడుగుందే!" అంది.

ఆ ఇంజన్ గురించి రెండు మాటలు చెప్పాలి. 1984లో కవాసాకి జీపీజెడ్ 900 ఆర్ అనే బండి తెచ్చింది. అమెరికాలో దాని పేరే నింజా. ఆ పేరుతో వచ్చిన మొదటి బండి అది. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, 908 సీసీ, నీళ్లతో చల్లబడే ఇంజన్. గంటకు 240 కిలోమీటర్లు దాటిన మొదటి మామూలు రోడ్డు బండిగా పేరు తెచ్చుకుంది. అప్పటిదాకా నాలుగు సిలిండర్ల ఇంజన్లలో, వాల్వులను ఆడించే కామ్ చైను చాలావరకు మధ్యలో ఉండేది. కవాసాకి ఇంజనీర్లు దాన్ని ఎడమ చివరికి జరిపి ఇంజన్‌ను సన్నగా చేశారు. లోపల బ్యాలెన్సర్ షాఫ్టు పెట్టి అదురు తగ్గించారు. ఈ ఇంజన్‌నే మరుసటి ఏడాది ఎలిమినేటర్‌లో కూర్చోబెట్టారు. కింది ఆర్‌పీఎమ్‌లో పికప్ బాగుండేలా కాస్త మార్చారు. అయినా నూరు హార్స్ పవర్ పైమాటే. వెనక చక్రాన్ని తిప్పడానికి చైను బదులు షాఫ్టు, అంటే తిరిగే ఇనప కడ్డీ, ఇచ్చారు. ఆకారం మాత్రం డ్రాగ్ రేసుల నుంచి తీసుకున్నారు. పావు మైలు తిన్నటి రోడ్డు మీద ఇద్దరు పోటీపడి, ఓడినవాడు తప్పుకుంటూ పోతే చివరికి మిగిలేవాడే ఎలిమినేటర్. మా రాష్ట్రంలోనే నార్‌వాక్‌లో అలాంటి డ్రాగ్ స్ట్రిప్ ఉంది. అక్కడ ఒక సాయంత్రం కూర్చుని చూశాక ఈ బండి ఎందుకింత పొడుగో, వెనక చక్రం ఎందుకింత లావో నాకు బాగా అర్థమైంది.

దగ్గరలోని ఒక షాపులో ఇరవై ఏళ్ల వయసున్న బండిని మేం ముట్టుకోం అన్నారు. సరే, మనకు ఆటోనగర్ ఉంది కదా. ఆ రోజుల్లో ఫోన్ కార్డులు కొని ఇండియాకి మాట్లాడేవాళ్లం. శనివారం రాత్రి గరాజులో స్పీకర్ ఫోన్ పెట్టుకుని, విజయవాడలో ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతున్న బాబాయితో మాట్లాడుతూ కార్బురేటర్లు విప్పాను.

"ఎన్ని కార్బురేటర్లురా?"

"నాలుగు బాబాయ్."

"నాలుగూ ఒకేసారి విప్పకు. ఒకటి విప్పి, కడిగి, బిగించి, అప్పుడు ఇంకోటి. జెట్లలో తీగలు దూర్చొద్దు, గాలి కొట్టు. టాపెట్లు ఎలా ఉన్నాయి?"

"పదహారు వాల్వులు."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "స్క్రూ టైపా, షిమ్ములా?" అన్నాడు. స్క్రూలే అన్నాను. "అయితే భయం లేదు. బుల్లెట్‌కి రెండు చేసినవాడివి, దీనికి పదహారు చెయ్యలేవా? ఫీలర్ గేజ్ పెట్టుకుని నిదానంగా కానివ్వు" అన్నాడు. ఆ ఇంజన్‌లో రెండేసి వాల్వులకు ఒక రాకర్, దానికి స్క్రూ, లాక్ నట్టు ఉంటాయి. చేతనైనవాడు ఇంట్లోనే టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల దగ్గర సందు సరిచేయడం, చేసుకోవచ్చు. షిమ్ములంటే సందులో పెట్టే పల్చటి బిళ్లలు, అవైతే కొలతకు తగ్గవి వెతికి తెచ్చుకోవాలి. ఈ బండి నాకు దొరకడం ఎంత అదృష్టమో ఆ రాత్రి తెలిసింది.

అది మొదటిసారి అందుకున్న రోజు చప్పుడు ఇప్పటికీ చెప్పగలను. ముందు ఒక సిలిండర్, తర్వాత రెండు, ఆ తర్వాత నాలుగూ ఒక గొంతుగా కలిశాయి. బుల్లెట్‌లా దబదబ కాదు, ఎజ్డీలా టకటక కాదు. సన్నటి గొంతుతో మొదలై, యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ గరగరలాడుతూ పైకి లేస్తుంది. ఫోన్‌లో బాబాయి, "ఇంకోసారి లేపు, ఇంకోసారి" అంటూ వినిపించుకున్నాడు. మరుసటి వారం పావెల్‌లోని గుడికి తీసుకెళ్లి వాహన పూజ చేయించాం. పూజారిగారు కార్లకు అలవాటు పడ్డ మనిషి. నిమ్మకాయలు నాలుగు పెట్టబోయి, రెండు వెనక్కి తీసుకున్నారు.

ఇంత మంచి బండిని జనం ఎందుకు కొనలేదన్నది అప్పటి నుంచి నన్ను తొలుస్తూ ఉండేది. ఆ కాలపు పాత పత్రికలు సంపాదించి చదివాను, అప్పట్లో బండ్లు కొన్న పెద్దవాళ్లను అడిగాను. 1980ల మొదట్లో అమెరికాలో జపాన్ కంపెనీల పరిస్థితి గందరగోళంగా ఉంది. హోండాను దాటాలని యమహా 1981లో పోటీకి దిగింది. హోండా ఊరుకోలేదు. ఏడాదిన్నరలో వందకు పైగా మోడళ్లు కొత్తగా తెచ్చింది, లేదా మార్చింది. 1983 మొదట్లో యమహా చేతులెత్తేసే నాటికి అమెరికా గోదాముల నిండా అమ్ముడుపోని బండ్లే. కిందటేడాది కొత్త బండి సగం ధరకు దొరుకుతుంటే ఈ ఏడాది బండి ఎవరు కొంటారు? దానికి తోడు, దివాలా అంచున ఉన్న హార్లే-డేవిడ్సన్‌ను కాపాడటానికి 1983 ఏప్రిల్‌లో రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి బండ్ల మీద ఉన్న 4.4 శాతం సుంకానికి మరో 45 శాతం కలిపింది. అది ఏటా తగ్గుతూ ఐదేళ్లు ఉండేలా పెట్టారు. అందుకే ఆ రోజుల్లో 750లు ఉండాల్సిన చోట అమెరికాలో వింతగా 700 సీసీ బండ్లు కనిపిస్తాయి. తొమ్మిది వందలు, పదకొండు వందల సీసీ బండ్లకు తప్పించుకునే దారి లేదు.

ఇదంతా అన్ని కంపెనీలకూ పడ్డ దెబ్బే. ఎలిమినేటర్‌కి ఇంకో ఇబ్బంది ఉంది, నా లెక్కన అదే అసలుది. 1985లో కవాసాకి షోరూమ్‌కి వెళ్లిన మనిషిని ఊహించుకోండి. ఒక పక్కన నింజా 900 ఉంది. వేగం కావాలనుకున్న కుర్రాడు దాని దగ్గరికే వెళ్తాడు. రెండో పక్కన ఆ ఏడాదే వచ్చిన వల్కన్, రెండు సిలిండర్లు వి ఆకారంలో ఉండే వి-ట్విన్. హార్లే రూపం, ఆ చప్పుడు కావాలనుకున్న పెద్దమనిషి అటు పోతాడు. మధ్యలో ఎలిమినేటర్. నింజా మనసు, క్రూయిజర్ ఒళ్లు, అంటే తీరిగ్గా కూర్చుని నడిపే పొడుగు బండి ఒళ్లు. దాన్ని చూసి "ఇది ఎవరి కోసం?" అని అడిగితే అమ్మేవాడి దగ్గరా సమాధానం లేదు. తర్వాతి ఇరవై ఏళ్లలో జపాన్ క్రూయిజర్లు చాలావరకు వి-ట్విన్‌లైపోయాయంటే జనం ఏం కోరుకున్నారో తెలుస్తూనే ఉంది. ఎలిమినేటర్ కోరింది వేరే రకం మనిషిని. ఆ మనుషులు అప్పుడు చాలామంది లేరు.

మరి వి-మాక్స్ కూడా అదే ఏడాది వచ్చింది కదా, దానికి మాత్రం అంత పేరెలా వచ్చింది? న్యాయమైన ప్రశ్న. వి-మాక్స్ ఇంజన్ కోసమే చుట్టూ బండి కట్టినట్టు ఉంటుంది. యమహా తన వెంచర్ టూరింగ్ బండిలోని వి-4 ఇంజన్‌ను (నాలుగు సిలిండర్లు వి ఆకారంలో ఉండేది) తీసుకుని 1198 సీసీతో 145 హార్స్ పవర్ పిండింది. వి-బూస్ట్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. ఆరు వేల ఆర్‌పీఎమ్ దాటాక ఇన్‌టేక్ గొట్టాల మధ్య ఉన్న మూతలు తెరుచుకోవడం మొదలై, ఎనిమిది వేల దగ్గర పూర్తిగా తెరుచుకుంటాయి. అప్పుడు ఒక్కో సిలిండర్‌కి రెండేసి కార్బురేటర్ల నుంచి పెట్రోలు, గాలి అందుతాయి. మా వీధి చివర ఒకాయన దగ్గర ఉండేది. ఆయన ఒక సాయంత్రం తాళాలు నా చేతిలో పెట్టి, "సూది ఆరు వేలు దాటేదాకా దీని గురించి ఏమీ అనుకోకు" అన్నాడు. దాటాక నా చేతులు సాగిపోయాయనిపించింది. అంతటి లాగుడు నేను ఎలిమినేటర్ మీద ఎప్పుడూ చూడలేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ తరం వి-మాక్స్ తిన్నటి రోడ్డు బండి. అంత ఇంజన్‌కు ఆ ఫ్రేమ్, ఆ బ్రేకులు చాలవని దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లే చెబుతారు. ట్యాంకుకు అటూ ఇటూ ఉన్న పెద్ద గాలి గొట్టాలు కూడా అలంకారమే, వాటిలోంచి గాలి పోదు. అయినా ఆ రూపం ఒకసారి చూస్తే మరిచిపోలేం. పెద్ద మార్పు లేకుండా 2007 దాకా అది అమ్ముడుపోయిందంటే అందులో సగం గొప్ప ఆ రూపానిదే.

హోండా వి65 మాగ్నా మీద నాకు వేరే రకం ప్రేమ ఉంది. మేరీస్‌విల్‌లోని హోండా ఫ్యాక్టరీ మాకు అరగంట దూరం. కార్ల కన్నా ముందు, 1979లో అక్కడ మోటార్‌సైకిళ్లే మొదలుపెట్టారు. హోండా పెద్ద టూరింగ్ బండ్లు గోల్డ్‌వింగ్‌లు అక్కడ తయారయ్యాయి, మాగ్నాలూ అక్కడ తయారయ్యాయి. 2009లో అక్కడ మోటార్‌సైకిళ్ల తయారీ ఆగిపోయింది. ఆ లైన్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నాకు పెట్రోలు బంకులో పరిచయమయ్యాడు. నా బండి చూసి కారు ఆపి దిగాడు. ఆయన మాగ్నాను నాకిచ్చి, నా ఎలిమినేటర్‌ను తాను తీసుకుని, ఇద్దరం చాలా దూరం వెళ్లాం. 1098 సీసీ, 90 డిగ్రీల వి-4, ఆరు గేర్లు. తొంభై డిగ్రీల వి-4లో అదురు దాదాపు ఉండదు. హ్యాండిల్ పట్టుకుంటే ఇంజన్ నడుస్తోందా లేదా అనిపిస్తుంది. ఆ కాలపు హోండా వి-4లకు కామ్‌షాఫ్టుల అరుగుదల గురించి చెడ్డపేరుంది, ఆయిల్ దారి మార్చుకుని నడుపుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన తన బండిని కన్నబిడ్డలా చూసుకున్నాడు కాబట్టి ఆ బాధ ఆయనకు లేదు. వెనక్కి వచ్చాక, "నీ బండికి కోపం ఎక్కువ. నాకు నచ్చింది. మేం దీన్ని చేసి ఉండాల్సింది" అన్నాడు. ఆ ఫ్యాక్టరీ మనిషి నోట ఆ మాట విన్నాక నేను ఇంకెవరి సర్టిఫికెట్టూ కోరలేదు.

సుజుకి మదురా సంగతి చెప్పకపోతే అన్యాయం చేసినట్టు. 1985, 1986, ఆ రెండేళ్లే అదీ ఉంది. 82 డిగ్రీల వి-4. టాపెట్ సెట్టింగ్ అవసరమే లేకుండా హైడ్రాలిక్ పద్ధతి పెట్టారు, షాఫ్టు డ్రైవ్ ఇచ్చారు. నాకు నడిపే అవకాశం రాలేదు కాబట్టి దాని నడక మీద తీర్పు చెప్పను. ప్రతి ఏటా వేసవిలో లెక్సింగ్టన్ దగ్గర మిడ్-ఒహాయో రేస్ ట్రాక్‌లో వింటేజ్ మోటార్‌సైకిల్ డేస్ జరుగుతాయి. రేసులు ఒకవైపు, పాత సామాన్ల సంత ఇంకోవైపు. ఎకరాల కొద్దీ గడ్డి మీద టార్పాలిన్లు పరిచి, ఎక్కడెక్కడి ఇంజన్లూ, ట్యాంకులూ, మీటర్లూ అమ్ముతారు. అచ్చం మన ఆటోనగర్ పాత సామాన్ల బజారే, బేరాలు కూడా అలాగే. అక్కడ ఒకసారి ఒక మదురాను చూశాను. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి, ఎవరూ ఆగడం లేదని తెలిసినా, ప్రతి గంటకూ లేచి దాని దుమ్ము తుడుస్తున్నాడు. చాలాసేపు కూర్చుని మాట్లాడాను. విడిభాగాలే దొరకవని ఆయన బెంగ. అక్కడే మా ఎలిమినేటర్లు నెగ్గాయి. నింజా 900ను కవాసాకి జపాన్‌లో 2003 దాకా అమ్మింది. ఇంజన్ లోపలి సామాను చాలావరకు ఒకటే. వెనక టైరు 150/90-15, అదే సైజు ఎన్నో క్రూయిజర్లకు వాడతారు కాబట్టి ఈ రోజుకీ సులువుగా దొరుకుతుంది. బాడీ సామాన్లకే కష్టం. సైడ్ ప్యానెల్ ఒకటి విరిగితే దాని కోసం ఏళ్లు ఎదురుచూడాలి.

నేను రోజూ నడపాలనిపించే బండి అన్నాను కదా, ఎందుకంటే అది రెండు రకాలుగానూ ఉంటుంది. ఆఫీసుకు వెళ్లేటప్పుడు మూడు, నాలుగు వేల ఆర్‌పీఎమ్ దగ్గర బుద్ధిగా పోతుంది. సీటు కింద ఉంటుంది కాబట్టి సిగ్నళ్ల దగ్గర నాలాంటి మామూలు ఎత్తు మనిషికి కాళ్లు పూర్తిగా ఆనతాయి. ఆదివారం రూట్ 555 మీదికి తీసుకెళితే దానిలోని నింజా బయటికొస్తుంది. ఆగ్నేయ ఒహాయో కొండల్లో ఆ రోడ్డు ఎక్కడా తిన్నగా ఉండదు. ఎక్కుతుంది, ఎక్కినచోటే తిరుగుతుంది, తిరిగినచోటే దిగుతుంది. ఇంత పొడుగు బండి అక్కడ పనికిరాదని చూసేవాళ్లకు అనిపిస్తుంది. మలుపులో అది కుర్ర బండిలా వాలదు, నిజమే. ముందే లైన్ చూసుకుని, యాక్సిలరేటర్ ఒకే తీరున పట్టుకోవాలి. మలుపు మధ్యలో చటుక్కున వదిలితే షాఫ్టు వల్ల వెనక భాగం కిందికి కుంగి ఫుట్ రెస్టు నేలకు రాసుకుంటుంది. ఈ పద్ధతి ఒకసారి అలవాటైతే ఆ బండి మీద రోజంతా తిరగొచ్చు. ట్యాంకు చిన్నది కావడమే కాస్త టెన్షన్. ఆ కొండల్లో బంకులు తక్కువ. రిజర్వ్‌లో పడితే ఇక చూపంతా బోర్డుల మీదే.

ఇంటికొచ్చిన తెలుగు అతిథులు బండిని చూసి అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఎప్పుడూ మైలేజే.

ఇక మా ఇంటి రెండో ఎలిమినేటర్. 2001లో బజాజ్, కవాసాకి కలిసి అదే పేరుతో 175 సీసీ బండిని మన దేశంలో విడుదల చేశాయి. స్ప్లెండర్ రెండు కొనే డబ్బుకు అది ఒకటి వచ్చేది. ఇంజన్ 15 హార్స్ పవర్. బాబాయి కొడుకు, మా తమ్ముడు, అప్పుడే ఉద్యోగంలో చేరాడు. పట్టుబట్టి కొన్నాడు. బందరు రోడ్డు మీద దాన్ని ఆపితే చుట్టూ జనం మూగేవాళ్లు, కొనేవాళ్లు మాత్రం లేరు. ఆ ధరకు ఇంకా పెద్ద ఇంజన్ ఇవ్వొచ్చు కదా అనేది అందరి మాట. 2005లో అదే రూపంలో పల్సర్ 180 ఇంజన్ పెట్టి, ధర తగ్గించి అవెంజర్ తెచ్చారు. అది జనానికి పట్టింది. ఈరోజు మన రోడ్ల మీద తిరిగే ప్రతి అవెంజర్ వెనకా ఆ కవాసాకి రూపం ఉంది. తమ్ముడు తన 175ను అమ్మలేదు. "అన్నయ్యా, పల్సర్ ఇంజన్‌కి లాగుడు ఎక్కువే. నాదాని నునుపు దానికి లేదు" అంటాడు. సెలవులకు వెళ్లినప్పుడు నడిపాను. వాడు చెప్పింది నిజం. చిన్న ఇంజనే, కానీ ఎక్కడా కటువుదనం లేదు. అటు ఒహాయోలో, ఇటు విజయవాడలో, ఒకే పేరున్న రెండు బండ్లు, రెండూ జనం వదిలేసినవే. బాబాయి బతికి ఉన్నన్నాళ్లూ తమ్ముడి బండికి టాపెట్లు ఆయనే చూసేవాడు. అది చూస్తూ, "మీ అన్న పదహారు చేస్తాడురా" అని వాడితో అనేవాడట.

బాబాయికి వి-మాక్స్ చూపించలేకపోయాను గానీ, ఒకసారి కొలంబస్ వచ్చినప్పుడు నా ఎలిమినేటర్ మీద వెనక కూర్చోబెట్టుకుని తిప్పాను. దిగాక ఇంజన్ చల్లారేదాకా పక్కనే కూర్చుని, చైను లేకుండా వెనక చక్రం ఎలా తిరుగుతోందో వంగి వంగి చూశాడు. మన ఊళ్లో లారీకి ఉన్నదే ఇక్కడ బండికి పెట్టారంటూ చాలా మెచ్చుకున్నాడు.

కాలం తర్వాత ఈ రకం బండ్లకు విలువ ఇచ్చింది. హార్లే-డేవిడ్సనే 2001లో నీళ్లతో చల్లబడే ఇంజన్‌తో వి-రాడ్ తెచ్చింది. 2004లో ట్రయంఫ్ రాకెట్ త్రీ వచ్చింది. ఆ తర్వాత డుకాటీ డియావెల్ వచ్చింది. పొడుగు ఒళ్లు, రేసు ఇంజన్, ఈ కలయికను ఇప్పుడు పత్రికలన్నీ మెచ్చుకుంటాయి. మెచ్చుకుంటూ వి-మాక్స్‌ను గుర్తుచేస్తాయి. దాని పక్కన ఎలిమినేటర్ పేరు రాయకపోతే నాకు బాధగానే ఉంటుంది. ఆ పని అదే ఏడాది, తక్కువ ఇంజన్‌తో, ఇంకా పొందిగ్గా చేసిన బండి అది.

2024 జనవరిలో కవాసాకి కొత్త ఎలిమినేటర్ మన దేశంలోకి వచ్చింది. 451 సీసీ, రెండు సిలిండర్లు, అప్పుడు ధర ఐదున్నర లక్షల పైచిలుకు. తమ్ముడు హైదరాబాద్ వెళ్లి మరీ షోరూమ్‌లో కూర్చుని వీడియో కాల్ చేశాడు. సీటు ఎత్తు, హ్యాండిల్, వెనక భాగం ఒక్కొక్కటీ చూపించి, "రూపం నీదాన్లాగే ఉంది అన్నయ్యా" అన్నాడు. స్టార్ట్ చేసి వినిపించమన్నాను. వినిపించాడు. బాగుంది, చక్కటి ఇంజన్. వాడి వయసుకు, హైదరాబాద్ ట్రాఫిక్‌కు నా 900 కన్నా అదే నయమని చెప్పాను. కొనమని గట్టిగానే చెప్పాను కూడా. వాడు ఒక రోజు ఆలోచించి, 175 ఇంజన్‌కు బోరు చేయించి, కొత్త పిస్టన్ వేయించుకుంటానని ఫోన్ చేశాడు. ఇప్పుడు ఇద్దరం కలిసి ఆ పిస్టన్ కోసమే వెతుకుతున్నాం.